ఆరో తరగతికి ఏ బడి? సత్తెనపల్లి పల్లెల్లో తేలని లెక్క

సత్తెనపల్లి: మిరప కల్లాలు ఎత్తి, ఆఖరి టిక్కీలు గుంటూరు యార్డుకు చేరేసరికి ఈ ప్రాంతపు పల్లెల్లో మరో బేరం మొదలవుతుంది. అది చదువుల బేరం. ఎండలు ముదురుతుండగానే సత్తెనపల్లి, నరసరావుపేట కాన్వెంటుల తరఫున ఇద్దరేసి ముగ్గురేసి టీచర్లు రంగు కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ఐదో తరగతి ముగించిన పిల్లవాడున్న ఇంట వీరు కాస్త ఎక్కువసేపు కూర్చుంటారు. మర్నాడు అదే ఇంటికి ఊరి బడి మేష్టారు కూడా వచ్చి "మన బడిలోనే చేర్చండమ్మా" అని చెప్పి వెళతారు. ఇద్దరి మాటా నిజమే అనిపించి తల్లిదండ్రులు ఎటూ తేల్చుకోలేక సతమతమవుతున్నారు.

ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు పెద్దగా ఆలోచించని తండ్రి కూడా ఆరో తరగతి వద్ద ఆగి ఆలోచించవలసి వస్తున్నది. దీనికి కారణం లేకపోలేదు. ఐదో తరగతి దాకా ఒకరో ఇద్దరో టీచర్లు అన్నీ చెబుతారు. ఆరు నుంచి సబ్జెక్టుకొక మేష్టారు. హిందీ కొత్తగా వచ్చి చేరుతుంది. లెక్కల్లో అక్షరాలు ప్రవేశిస్తాయి. బడి ఊరు దాటి పోవచ్చు. పిల్లకు పదకొండేళ్లు నిండుతాయి గనుక దూరమంటే తల్లికి భయం. ఒకప్పుడు ఏడో తరగతికి కామన్ పరీక్ష ఉండేది గనుక ఎవరి చదువు ఎంతో అక్కడ బయటపడేది. ఇప్పుడు పదో తరగతి దాకా అటువంటి వడపోత లేదు. ఆరో తరగతిలో పడిన లోటు పదిలో మార్కుల జాబితా చేతికొచ్చేదాకా ఇంట్లో వాళ్లకు తెలియడం లేదు.

ఏ బడి మంచిది అని అందరూ అడుగుతున్నారు. మా వాడికి ఏమి కావాలి అని అడిగేవారు మాత్రం అరుదు. ఈ వేసవిలో ఈ విలేఖరి తిరిగిన ఇళ్లలో బస్సు రంగు గురించి, ఫీజు గురించి, టై బెల్టు గురించి మాట్లాడినవారే ఎక్కువ. పిల్లవాడు ఏ సబ్జెక్టులో ఎక్కడ ఆగిపోయాడో చెప్పగలిగిన తండ్రి ఒక్కరూ కనిపించలేదు. తల్లులు కొంత చెప్పగలిగారు.

ఒక కౌలు రైతు ఇంట్లో

సత్తెనపల్లి మండలంలోని ఒక గ్రామంలో నాలుగెకరాలు కౌలుకు చేస్తున్న ఒక రైతుకు ఇద్దరు పిల్లలు. కుమార్తె ఏడో తరగతిలో ఉంది. కుమారుడు ఐదు ముగించాడు. పట్నంలో పేరున్న కాన్వెంటులో వేద్దామని ఆయన పట్టు. "అప్పో సప్పో చేసి వేస్తా తమ్ముడూ. నేను మిరప చేలో పడ్డ పాట్లు వాడు పడకూడదు" అన్నాడు. ఆయన భార్య వంటింటి గుమ్మంలోంచే "వాడికి లెక్కలంటే ఆమడ దూరమండీ. ఏ బళ్లో వేసినా లెక్కలు వాడి వెంటే వస్తాయిగా" అన్నది. ఈ వ్యాసానికి మూలం ఆమె అన్న ఆ మాటే.

అదే వీధిలో ఉంటున్న ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారిని పిలిచారు. ఆయన పిల్లవాడిని పేరు అడగలేదు, ఎక్కాలు అడగలేదు. రెండో తరగతి తెలుగు వాచకం తెప్పించి ఒక పేజీ కథ చదవమన్నారు. అబ్బాయి గబగబా చదివాడు. కథలో ఏమి జరిగిందో చెప్పమంటే అదీ చెప్పాడు. తరువాత కాగితం మీద ఒక తీసివేత ఇచ్చారు. పై అంకె చిన్నది, కింద అంకె పెద్దది గనుక పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాలి. చేశాడు. ఆ తరువాత మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమన్నారు. అక్కడ పెన్సిలు ఆగిపోయింది. "ఇదిగోనయ్యా, మీ వాడి ఆరో తరగతి ఇక్కడుంది" అన్నారు మేష్టారు ఆ కాగితం రైతు చేతికిస్తూ.

ఈ పరీక్ష మేష్టారు సొంతంగా కల్పించింది కాదు. ప్రథమ్ అనే సంస్థ 2005 నుంచి 'అసర్' పేరిట దేశంలోని పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును తూకం వేస్తున్నది. వారి సాధనం ఇదే. రెండో తరగతి స్థాయి కథ, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల భాగహారం. 2024 సర్వేలో దేశ గ్రామీణ ప్రాంతాల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు సగానికి లోపే. భాగహారం చేయగలిగినవారు మూడో వంతుకు లోపే. కనుక కౌలు రైతు కొడుకు వెనకబడిన పిల్లవాడేమీ కాడు. అందరిలో ఒకడు. అయితే ఆరో తరగతి లెక్కల పుస్తకం మాత్రం భాగహారం వచ్చిన పిల్లవాడి కోసమే రాసినది. భిన్నాలు, దశాంశాలు, నిష్పత్తులు అన్నీ ఆ పునాది మీదే నిలబడతాయి.

ఈ పరీక్షకు పది నిముషాలు చాలు. చదువు రాని తల్లి కూడా పక్కింటి ఇంటరు పిల్లను పిలిచి చేయించవచ్చు. ఇంగ్లీషులో కూడా ఒక చిన్న పేరా చదివించి అర్థం తెలుగులో చెప్పించాలి. చదవడం వచ్చి అర్థం రాకపోతే అది వేరే జబ్బు. అటువంటి పిల్లలు మన ప్రాంతపు కాన్వెంటుల్లో కోకొల్లలు.

పిల్లవాడు చదివేటప్పుడు అక్షరాలు తారుమారు చేయడం, ఎంత చెప్పినా రాయలేకపోవడం, నల్లబల్ల మీద రాసింది కనపడకపోవడం వంటివి ఉంటే ముందు కంటి పరీక్ష చేయించాలి. ఆ తరువాత మండల కేంద్రంలోని భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాల పిల్లల టీచర్లను కలవాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో చదవడంలో, రాయడంలో వచ్చే ఇబ్బంది కూడా ఉన్నది. 'మొద్దు' అని వీపు మీద కొట్టించుకుంటున్న పిల్లల్లో కొందరి సంగతి ఇదేనన్న విషయం మన పల్లెలకు ఇంకా చేరలేదు.

సబ్జెక్టు టీచరు ఉన్నాడా?

బడికి వెళ్లి అడగవలసిన మొదటి ప్రశ్న భవనం గురించి కాదు. లెక్కలు ఎవరు చెబుతారు, ఇంగ్లీషు ఎవరు చెబుతారు, వారు ఎన్నేళ్లుగా ఉన్నారు అన్నది అడగాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. ఆరు నుంచి ఎనిమిది వరకు తరగతులున్న బడిలో సైన్సు, లెక్కలకు ఒకరు, సాంఘిక శాస్త్రానికి ఒకరు, భాషలకు ఒకరు చొప్పున కనీసం ఉండాలి. ప్రతి 35 మంది పిల్లలకు ఒక టీచరు తగ్గరాదు. ఏడాదికి 220 పనిదినాలు, వెయ్యి గంటల బోధన జరగాలి. ఇది ప్రభుత్వ బడికీ వర్తిస్తుంది, ప్రైవేటు బడికీ వర్తిస్తుంది.

ఆచరణలో ఇద్దరి ఇబ్బందులూ వేరు. జిల్లా పరిషత్ హైస్కూలులో టీచరుగా ఉన్నవాడు డీఎస్సీ రాసి, బీఈడీ చేసి వచ్చినవాడే. ఆయన అర్హతకు వంక లేదు. ఆయన ఆ బడిలో ఉన్నాడా, బదిలీ అయి ఖాళీ పడిందా అన్నదే ప్రశ్న. 16,347 పోస్టులకు 2025లో మెగా డీఎస్సీ జరిగి కొత్తవారు చేరారు గనుక కొన్ని ఖాళీలు నిండాయి. ప్రైవేటు బడిలో ఖాళీ ఎప్పుడూ కనపడదు. అయితే జూన్‌లో పాఠం మొదలుపెట్టిన మేష్టారు సంక్రాంతికి ఉంటాడో లేదో చెప్పలేము. జీతం చాలక మధ్యలో మరో బడికి పోయేవారు ఎందరో. అందుకే గత ఏడాది లెక్కల మేష్టారే ఈ ఏడాదీ ఉన్నారా అని అడగడం మంచిది. సమాధానం చెప్పడానికి ఇబ్బంది పడితే సంగతి అర్థం చేసుకోవచ్చు.

చిన్న ఊళ్లలోని యూపీ స్కూళ్ల పరిస్థితి మధ్యస్థంగా ఉంది. 2022లో వచ్చిన 117వ నంబరు జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గరలోని హైస్కూళ్లకు కలిపారు. పిల్లలు తక్కువగా ఉన్న చోట ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సబ్జెక్టు టీచర్లకు బదులు సెకండరీ గ్రేడు టీచర్లే పాఠాలు చెప్పవలసి వచ్చింది. 2025లో ప్రభుత్వం ఆ జీవోను ఉపసంహరించి బడులను మళ్లీ కొత్త రకాలుగా విభజించింది. మూడేళ్లలో రెండుసార్లు బడి రూపు మారితే పిల్లవాడు ఏ గోడకు ఆనుకోవాలో తెలియదు. యూపీ స్కూలులో చేర్చేవారు ఈ ఏడాది అక్కడ ఎంతమంది పిల్లలు, ఎందరు టీచర్లు అన్నది స్వయంగా చూసుకుని మరీ చేర్చాలి. ఊళ్లోనే ఉంది గదా అని చేర్చి, ఏడో తరగతిలో మళ్లీ టీసీ తీసుకోవలసి వస్తే నష్టపోయేది పిల్లవాడే.

ఒక్కమాట. సెకండరీ గ్రేడు టీచరును తక్కువ చేసి మాట్లాడడం ఈ విలేఖరి ఉద్దేశం కాదు. భాగహారం రాని పిల్లవాడికి భాగహారం నేర్పడంలో బీఈడీ టీచరు కన్నా ఆయనదే చేయి తిరిగినది. ఆ రిటైర్డు హెడ్మాస్టరు కూడా ఈ మాటే అన్నారు. హైస్కూలు మేష్టారు తన సిలబస్ పూర్తి చేయాలి. వెనక్కి వెళ్లి నాలుగో తరగతి లెక్క చెప్పడానికి ఆయనకు పీరియడ్ లేదు.

మీడియం మాట

ప్రైవేటు బడులు ఇంగ్లీషు మీడియమని, ప్రభుత్వ బడులు తెలుగు మీడియమని విడదీసే రోజులు పోయాయి. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం ప్రవేశపెడుతూ 2019లో ఇచ్చిన జీవోను హైకోర్టు 2020 ఏప్రిల్ 15న కొట్టివేసింది. వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టుల్లో ఏమి జరిగినా పల్లెల్లో బడులు మాత్రం ఇంగ్లీషు వైపే నడిచాయి. 2020-21 నుంచి దశలవారీగా ఒక పుటలో ఇంగ్లీషు, ఎదురు పుటలో తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఈ పుస్తకాన్ని ఒక వరంగా చెప్పుకోవాలి. ఇంగ్లీషు పుటలో అర్థం కానిది పిల్లవాడు తల తిప్పి తెలుగు పుటలో చూసుకోవచ్చు. తల్లిదండ్రులు కూడా చదివి చెప్పవచ్చు. చాలా కాన్వెంటుల్లో సొంత పుస్తకాలు కొనిపిస్తున్నారు గనుక ఈ సౌకర్యం అక్కడి పిల్లలకు లేదు. అయితే ఎదురు పుటను ఎంత మంది తెరుస్తున్నారన్నది వేరే సంగతి.

సత్తెనపల్లి నుంచి పలుమార్లు శాసనసభకు ఎన్నికై, అధికార భాషా సంఘానికి అధ్యక్షుడిగా తెలుగు కోసం ఆఫీసు ఆఫీసుకూ తిరిగిన వావిలాల గోపాలకృష్ణయ్య గారి ఊరిది. ఆయన 2003లో కాలం చేశారు. ఆయన పేరు తలుచుకునే పెద్దలు కూడా మనవలను ఇంగ్లీషు మీడియం బస్సు ఎక్కించి వస్తున్నారు. వారిని తప్పు పట్టడానికి లేదు. ఇంటరు, ఇంజనీరింగు, నర్సింగు, ఫార్మసీ ఏదైనా ఇంగ్లీషులోనే ఉన్నది.

ఈ విలేఖరికి ఇందులో స్వానుభవం ఉంది. పదో తరగతి దాకా తెలుగులో చదివి, లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకుని, ఇంటరులో ఇంగ్లీషు మీడియంలో చేరితే మొదటి మూడు నెలలు ఏమీ అర్థం కాలేదు. లెక్క వచ్చు, ప్రశ్న అర్థం కాదు. ఆ తరువాత కాస్త నిలదొక్కుకున్నా డిగ్రీకి వెళ్లే ధైర్యం రాలేదు. ఆ భయంతోనే పెద్ద కుమార్తెను ఆరో తరగతిలో పట్నంలోని ఒక కాన్వెంటులో చేర్చడం జరిగింది. ఆ బడి పేరు ఇక్కడ అనవసరం. ఏడాదంతా నోటు పుస్తకాలు ముత్యాల్లాంటి అక్షరాలతో నిండి ఇంటికి వచ్చేవి. ఎర్ర సిరాతో 'గుడ్' అని ఉండేది. ఒకనాడు రాత్రి సైన్సు పుస్తకంలో ఒక వాక్యం చదివించి, దాని భావం తెలుగులో చెప్పమంటే అమ్మాయి ఏడ్చింది. ఏడాది పొడుగునా రాసిందంతా బల్ల మీద నుంచి చూసి రాసినదే. మర్నాడు స్కూలుకు వెళ్లి అడిగితే "ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడాలి సార్" అని సలహా ఇచ్చారు. మా ఇంట్లో ఇంగ్లీషు ఎవరు మాట్లాడతారు? ఏడో తరగతికి తిరిగి ఊరి హైస్కూలులో చేర్చవలసి వచ్చింది. అక్కడ ఎదురు పుటల పుస్తకం పట్టుకుని ఇంగ్లీషు మేష్టారు నెమ్మదిగా దారిలో పెట్టారు. ఫీజు పోయిందన్న బాధ కన్నా ఆ ఏడాది ఆ పిల్ల తనకేమీ రాదని నమ్మిందన్న బాధే ఎక్కువ.

దీన్ని బట్టి కాన్వెంటులన్నీ ఇంతేనని అనడం అన్యాయం. మా పక్క ఇంటి అబ్బాయి అదే బడిలో చక్కగా చదువుతున్నాడు. వాడికి ఐదో తరగతికే ఇంగ్లీషు చదివితే అర్థమయ్యేది. బడి ఒక్కటే, పిల్లలు వేరు.

నాలుగో తరగతిలోనే దాటిపోతున్న గడువు

మన ప్రాంతంలో చాలామంది తల్లిదండ్రులకు తెలియక నష్టపోతున్న సంగతి ఒకటున్నది. బాగా చదివే పిల్లవాడికి గురుకులంలో సీటు కావాలంటే ఐదో తరగతి అయ్యాక అడిగితే ఆలస్యమైపోతుంది. గురుకులాల్లో ప్రధాన ప్రవేశం ఐదో తరగతికి. అంటే పరీక్ష నాలుగో తరగతిలో ఉండగా రాయాలి. ఏపీ గురుకుల విద్యాలయాల సంస్థ అయినా, అంబేద్కర్ గురుకులాలైనా, జ్యోతిబా ఫూలే బీసీ గురుకులాలైనా పద్ధతి ఇదే. ఆ పైన ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో ఎవరైనా మానేస్తే ఖాళీ అయిన సీట్లు మాత్రమే ఉంటాయి.

ఉమ్మడి గుంటూరు జిల్లావారికి గురుకులమంటే తాడికొండే. 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకులం పెట్టిన మరుసటి ఏడాదే తాడికొండలోనూ, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలోనూ పెట్టారు. పల్లెటూరి పేద పిల్లవాడికి తెలివి ఉంటే చాలు, తిండి, బట్ట, చదువు ప్రభుత్వమే చూస్తుందన్నది అప్పటి ఆలోచన. తెలుగులో చదివి ఆ బడి పిల్లలు పెద్ద పెద్ద ఉద్యోగాలకు వెళ్లారు. నేటికీ మన వైపు పెద్దవాళ్లు తెలివిగల పిల్లవాడిని చూస్తే "వీణ్ణి తాడికొండలో వెయ్యాలిరా" అంటారు.

ఆరో తరగతికి ఉన్న పెద్ద అవకాశం నవోదయ. 1986 జాతీయ విద్యావిధానంతో దేశమంతా విస్తరించిన ఈ విద్యాలయం మనకు చిలకలూరిపేట మండలం మద్దిరాలలో ఉంది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడ్డాక సత్తెనపల్లి, మద్దిరాల ఒకే జిల్లాలో ఉన్నాయి. ఆరో తరగతికి 80 సీట్లు. పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగం మార్కులు బొమ్మలతో ఉండే మేధాశక్తి ప్రశ్నలకు, పాతిక లెక్కలకు, పాతిక భాషకు. తెలుగులో రాయవచ్చు. ఐదో తరగతి చదువుతుండగా ఒక్కసారే రాయాలి. రెండో అవకాశం లేదు. ఎనిమిది వరకు ఫీజు అనేది లేదు. తొమ్మిది నుంచి కొందరికి మాత్రం నెలకు 600 రూపాయలు. బాలికలకు, ఎస్సీ, ఎస్టీలకు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు.

ఇక్కడే ఒక విచిత్రం జరుగుతున్నది. నవోదయ సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ ప్రాంతాలవారికి. గ్రామీణ కోటాకు అర్హత రావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లె బడిలోనే చదివి ఉండాలి. అందులో ఒక్కరోజు పట్టణ బడిలో చదివినా పట్టణ అభ్యర్థి కిందే లెక్క. మన రైతులేమో నవోదయ కోచింగ్ కోసమని నాలుగో తరగతిలోనే పిల్లవాడిని తెచ్చి సత్తెనపల్లి మునిసిపాలిటీలోని బడిలో చేరుస్తున్నారు. నూటికి 75 సీట్లున్న వరస వదిలి, పాతిక సీట్ల వరసలో నిలబడుతున్నామని వారికి ఎవరూ చెప్పడం లేదు. కోచింగ్ పెట్టినవారు చెబుతారని ఆశించడం పొరపాటు.

హాస్టలు చదువు అందరు పిల్లలకూ సరిపడదు. పదేళ్ల పిల్లవాడు తల్లిని వదిలి ఉండగలడా అన్నది మార్కుల కన్నా ముందు చూడాలి. సీటు వచ్చిందన్న సంబరంలో దింపి వచ్చి, దసరా సెలవులకు వచ్చిన పిల్లవాడు తిరిగి వెళ్లనని గుంజను పట్టుకుని కూర్చుంటే ఇంటిల్లిపాదీ ఏడ్చిన సంఘటనలు మన ఊళ్లలో ఉన్నాయి. మరోవైపు కాయ కోతల రోజుల్లో తెల్లవారకముందే తల్లిదండ్రులు చేలకు పోతే, ఇంట్లో చదువు చూసే దిక్కు లేని పిల్లలకు హాస్టలే దారి. జనవరి నుంచి మార్చి దాకా హాజరు పట్టీ చూస్తే ఎవరికి హాస్టలు అవసరమో తెలిసిపోతుంది.

ఊరి హైస్కూలులో ఉన్న లాభం

జిల్లా పరిషత్ హైస్కూలులో చేర్చితే ఏదో కోల్పోతున్నామన్న భావన తల్లిదండ్రుల్లో బలంగా ఉంది. కానీ ప్రైవేటులో చేర్చితే కోల్పోయేవి కూడా కొన్ని ఉన్నాయి. ఎనిమిదో తరగతిలో ఎన్.ఎం.ఎం.ఎస్. అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటరు దాకా ఏడాదికి 12,000 రూపాయలు. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు మించరాదు. ఈ పరీక్ష ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. ప్రైవేటు బడి పిల్లలకు లేదు. హాస్టలు వసతి ఉన్న ప్రభుత్వ విద్యాలయాల పిల్లలకూ లేదు. అలాగే 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కుల మీద సీటు ఇచ్చేటప్పుడు, హాస్టలు లేని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు 4 శాతం అదనంగా కలుపుతున్నారు. నూజివీడులో సీటు ఒకటి రెండు మార్కుల్లో పోయిన పిల్లలను అడిగితే ఈ నాలుగు విలువ చెబుతారు.

మధ్యాహ్న భోజనం, పుస్తకాలు, యూనిఫారం, బూట్లు సరేసరి. 2025 జూన్ నుంచి ఇస్తున్న తల్లికి వందనం సొమ్ము, అంటే చేతికి వచ్చే 13,000, అర్హులైన తల్లులకు పిల్లవాడు ప్రభుత్వ బడిలో ఉన్నా ప్రైవేటు బడిలో ఉన్నా ఒక్కటే. కాబట్టి ఆ డబ్బు చూపించి "ఫీజు సగం గవర్నమెంటే కడుతుందండీ" అని చెప్పే మాటలకు లొంగనవసరం లేదు. ఫీజుల మీద 2021లో ప్రభుత్వం జీవో 53 తెచ్చి, గ్రామాల్లో హైస్కూలుకు 12,000, మునిసిపాలిటీల్లో 15,000 అని నిర్ణయించింది గానీ హైకోర్టు దాన్ని ఆ డిసెంబరులోనే కొట్టివేసింది. కనుక కాగితం మీద ఉన్న ఫీజు, బస్సు, పుస్తకాలు, పరీక్షల ఖర్చు అన్నీ కలిపి రాయించుకోవాలి. చేర్చుకోవడానికి ప్రవేశ పరీక్ష పెట్టడం, డొనేషన్ అడగడం విద్యాహక్కు చట్టం ప్రకారం నేరమేనన్న సంగతి కూడా అడిగినవారికి గుర్తుచేయవచ్చు. 'ఫౌండేషన్', 'ఒలింపియాడ్' వంటి పేర్లతో ఆరో తరగతి నుంచే ఐఐటీ అంటున్న సెక్షన్లున్నాయి. భాగహారం వచ్చి, లెక్కంటే ఇష్టమున్న పిల్లవాడికి అవి సరదాగానే ఉంటాయి. రాని పిల్లవాడిని అందులో కూర్చోబెట్టడం అంటే ఈత రానివాడిని సాగర్ కాలువలో దింపడమే.

హైస్కూళ్లలో లోపాలు లేవని కాదు. సిలబస్‌తో ఆడుకోవడం ఎక్కువైంది. 2022-23లో వెయ్యి ప్రభుత్వ బడుల్లో సీబీఎస్‌ఈ అన్నారు. 2024లో మళ్లీ రాష్ట్ర బోర్డుకే తెచ్చారు. టీచర్ల చేతిలో పాఠ్యపుస్తకం కన్నా సెల్‌ఫోనులో నింపవలసిన యాప్‌లు ఎక్కువని వారే వాపోతున్నారు. గ్రామాలనుబట్టి బస్సు వేళలు కూడా సమస్యే. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకంతో బాలికలకు టికెట్టు బాధ తప్పింది. అయితే బడి వదిలిన వేళకు బస్సు లేని ఊళ్లకు ఉచితం వల్ల ఒరిగేది లేదు. ఆడపిల్లను ఆరో తరగతిలో ఎక్కడ చేర్చాలన్నది చాలా ఇళ్లలో ఆ సాయంత్రపు బస్సే తేలుస్తున్నది. మరుగుదొడ్డికి తలుపు, నీళ్లు ఉన్నాయా అన్నది తల్లి స్వయంగా వెళ్లి చూడాలి. తండ్రి చూసి వచ్చి బాగానే ఉందనడం లెక్కలోకి రాదు.

కౌలు రైతు ఇంటి సంగతి అడిగేవారుంటారు. ఆయన కాన్వెంటు మాట పూర్తిగా మానుకోలేదు. అబ్బాయిని ఈ ఏడాదికి ఊరి హైస్కూలులోనే చేర్చి, సాయంత్రం పూట రిటైర్డు హెడ్మాస్టరు గారి అరుగు మీదకు పంపాలని ఆయన భార్య తేల్చింది. మేష్టారు రెండు షరతులు పెట్టారు. జీతం ఇవ్వరాదు, కాయ కోతలకు పిల్లవాడిని తీసుకుపోరాదు. మొదటిదానికి రైతు వెంటనే ఒప్పుకున్నాడు. రెండోదానికి "ఆదివారాలైనా పంపండి మేష్టారూ, కూలీలు దొరకడం లేదు" అని బేరమాడుతున్నాడు. జూన్ 12న బడులు తెరిచేలోగా అదీ తేలవలసి ఉంది.